జిర్కోనియా మిల్లింగ్ మెషిన్, ఫర్నేస్: ఆరేళ్లు వాడినంక నా మాట

కోఠి దగ్గర చిన్న డెంటల్ ల్యాబ్ మాది, నలుగురం పనోళ్లం. జిర్కోనియా అనే తెల్ల సెరామిక్‌ను పన్ను క్యాపులుగ కోసే మిల్లింగ్ మెషిన్, వాటిని కాల్చి గట్టిచేసే సింటరింగ్ ఫర్నేస్ ఆరేళ్ల కింద అప్పు చేసి మరీ తెచ్చినం. కంపెనీల పేర్లు చెప్ప, మంచిగ రాస్తే యాడ్ అంటరు, చెడుగ రాస్తే గొడవ. కొనాలా వద్దా అని వారానికొకరు ఫోన్ చేస్తున్నరు, అందరికీ విడివిడిగ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్న.

అంతకుముందు అంతా మెటల్ సెరామిక్కే, అంటే లోపల మెటల్, పైన పింగాణి ఉండే క్యాపులే. మైనంతోని కోపింగ్ (క్యాప్ లోపలి తొడుగు) చెక్కుడు, దాని చుట్టు ఇన్వెస్ట్‌మెంట్ అనే అచ్చు పొడి కలిపి పోసుడు, మైనం కాల్చుడు, నికెల్ క్రోమియం కరిగించి కాస్టింగ్ కొట్టుడు, ఆ మెటల్ కరగాలంటే 1300 డిగ్రీల దాక పోవాలె, మే నెలల ఆ రూములో నిలబడ్డోనికే తెలుసు. ఇంత చేసినంక ఒక్క బుడగ పడ్డదంటే మళ్లీ మైనం కాడికే. రాత్రి ముక్కు చీదితే నల్లగ వచ్చేది. ఆ పని తగ్గినందుకు నాకైతే ఒక్క రోజు కూడ బాధ లేదు.

మిల్లింగ్ మెషిన్ గురించి చెప్పడానికి పెద్దగ ఏం లేదు. 98 మిల్లీమీటర్ల జిర్కోనియా డిస్క్ బిగిస్తం, పన్ను డిజైన్ ఫైల్ ఎక్కిస్తం, అది కోసుకుంటది. బర్‌లు (కోసే పనిముట్లు) టైముకు మార్చకపోతే మార్జిన్ కాడ, అంటే క్యాప్ పన్నుకు ఆనే చోట, అంచు రాలుతది, దుమ్ము పీల్చే యూనిట్ క్లీన్‌గ ఉంచుకోవాలె, అంతే.

అసలు కథంతా ఫర్నేసులనే ఉంటది, కొనేటప్పుడు మాకు ఈ ముక్క ఎవరూ చెప్పలే. మెషిన్ నుంచి వచ్చిన పన్ను సుద్దముక్క లెక్క ఉంటది, గోటితోని గీకినా గీత పడతది, సైజు కూడ అసలు కంటే దాదాపు 25 శాతం పెద్దగ ఉంటది. 1500 డిగ్రీల మీద రాత్రంతా కాలి ముడుచుకుంటేనే బలం, సైజు రెండూ వస్తయి. ఎంత ముడుచుకుంటదో డిస్క్ మీద నంబర్ ఉంటది, అది బ్యాచ్ బ్యాచ్‌కు మారుతది. ఒకసారి తొందరల పాత బ్యాచ్ నంబరే పెట్టి కొట్టినం, తెల్లారి చూస్తే ఏడు క్యాపులల్ల ఒక్కటి కూడ డై (పేషెంట్ పన్ను నమూనా) మీద కూర్చోలే.

రెండో ఏడు వానాకాలంల ముందు వరుసకు ఆరు పళ్ల బ్రిడ్జి (ఒకదానికొకటి అతికి ఉండే క్యాపుల వరుస) ఫర్నేసుల పెట్టి ఇంటికి పోయినం, రాత్రి కరెంటు పోయింది, ఆ లోడు మా ఇన్వర్టర్ మోయదు. పొద్దున తీస్తే చూడనీకి మంచిగనే ఉంది, కింద లైట్ పెట్టి చూస్తే కనెక్టర్ (రెండు పళ్లు కలిసే చోటు) కాడ వెంట్రుక మందం గీత, వేలితోని కొంచెం నొక్కంగనే టిక్కుమని రెండు ముక్కలైంది. డాక్టర్ మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పుడే అన్నిటికంటే కష్టమైంది.

ఇంకోటి రంగు. షేడ్ గైడ్‌ల (పన్ను రంగుల నమూనాల) A2 అనే రంగు అడిగితే నిమ్మపండు లెక్క పచ్చగ వచ్చిన రోజులున్నయి, డిస్క్‌ను తిట్టినం, సప్లయర్‌ను తిట్టినం, చివరికి చూస్తే తప్పు మాదే, కలర్ లిక్విడ్‌ల ముంచిన పళ్లు సరిగ్గ ఆరకముందే లోపల పెట్టి పెట్టి హీటింగ్ ఎలిమెంట్లు ఖరాబు చేసుకున్నం. ఇప్పుడు పండుగ సెలవులకు బంద్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే ముందు ఒకసారి ఖాళీగ కాల్చి, ఆ తర్వాతనే కేసులు పెడుతున్నం.

మెటీరియల్ మాత్రం నిజంగ మారింది. మొదట్ల జిర్కోనియా 1000 మెగాపాస్కల్స్ పైన బలం, కాని నోట్లె సున్నం వేసినట్టు కనపడేది. యిట్రియా (జిర్కోనియాల కలిపే ఇంకో ఆక్సైడ్) పెంచిన కొత్తవాటిల నుంచి వెలుతురు పోతది, బలం మాత్రం బాగ తగ్గుతది, అందుకే వెనక దవడ పొడుగు బ్రిడ్జిలకు ఆ గట్టిదే వాడుతం, ఎంత మంది డాక్టర్లు అందం అందం అన్నా సరే.

ముందు వరుసల ఒక్క పన్ను కేసు వస్తే ఇప్పటికీ మా మాస్టర్ చేతికే. "షేడ్ గైడ్‌ల పదహారే ఉన్నయిరా, మనుషుల నోళ్లల్ల పదహారేనా?" అంటడు. బ్రష్ కొస మీద తడిపిన పింగాణి పొడి తీసి అంచుకు అద్దుడు, టిష్యూతోని నీళ్లు పీల్చుడు, మళ్లీ అద్దుడు, పక్క పన్ను ఫొటో ముందల పెట్టుకుని గంట కూర్చుంటడు. మెషిన్ క్యాప్‌కు స్టెయిన్ (రంగు), గ్లేజ్ (మెరుపు పూత) కొట్టి ఇస్తే పేషెంట్ ఖుష్ అయితడు, మాస్టర్ చేసింది పెడితే ఏది క్యాపో పేషెంట్ ఇంటోళ్లకు కూడ తెల్వది.

పేషెంట్లకు ఒక మాట, వారంటీ కార్డు మీద ఏండ్లు చూసి మురవకుండ్రి, అది క్యాప్‌కు ఇచ్చింది, లోపల మీ పన్ను పుచ్చితే ఏ కార్డు కాపాడదు.

కొనేటోళ్లకు నా లెక్క ఇది. పైసలు తక్కువుంటే మిల్లింగ్ బయట సెంటర్‌ల చేయించుకోండ్రి, ఫర్నేస్ మాత్రం మంచిది కొనుక్కోండ్రి, దానికి తగ్గ పవర్ బ్యాకప్ కూడ అదే బిల్లుల రాపిచ్చుకోండ్రి, మేము బ్యాకప్ తర్వాత చూద్దం అనుకున్నం, ఆ ఆరు పళ్ల బ్రిడ్జి ముక్కలు ఇంకా మా డ్రాయర్‌లనే ఉన్నయి.