నీటితో చల్లబడే వాణిజ్య ఏసీ: అమరిక పనిపై సమీక్ష

మా కార్యాలయ భవనంలో బిగించిన వాటర్ కూల్డ్ ప్యాకేజ్ ఏసీ విషయంలో, యంత్రం కన్నా దాన్ని అమర్చిన తీరే ఎక్కువ మెచ్చుకోదగినదిగా ఉంది. కూలింగ్ టవర్ (వేడెక్కిన నీటిని గాలితో చల్లార్చే నిర్మాణం) నుంచి వచ్చే పైపులను వాడుకలోకి తేవడానికి ముందు, వెల్డింగ్ తుక్కు, తుప్పు కండెన్సర్‌లోకి (ఏసీలోని వేడిని నీటికి వదిలే భాగంలోకి) చేరకుండా, దాన్ని తప్పించే బైపాస్ గొట్టం గుండా నీటిని పంపి కడిగి, స్ట్రెయినర్‌ను (చెత్తను పట్టే జల్లెడను) విప్పి శుభ్రం చేసిన తరువాతే అమర్చిన సంస్థ సిబ్బంది వాల్వులు తెరిచారు; తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే. ఏసీ చల్లబరిచే సామర్థ్యంలో ఒక్కో టన్నుకు నిమిషానికి సుమారు 11 లీటర్ల చొప్పున నీటి ప్రవాహాన్ని బ్యాలెన్సింగ్ వాల్వుతో సరిచేసి, కండెన్సర్‌లోకి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ మధ్య తేడా 5 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉందని కొలిచి చూపించారు. నీరు ఆగితే కంప్రెసర్‌ను నిలిపివేసే ఫ్లో స్విచ్‌ను, పంపును ఆపి మరీ పరీక్షించారు. కంపనం నేలకు పాకకుండా రబ్బరు ప్యాడ్లు వేశారు.

లోపమల్లా నీటి నిర్వహణ గురించి ముందుగా చెప్పకపోవడం. టవర్‌లో నీరు ఆవిరయ్యేకొద్దీ లవణాలు చిక్కబడి కండెన్సర్ గొట్టాల్లో గారలా పేరుకుంటాయి కనుక, కొంత నీటిని తరచూ బయటికి వదలాలి, రసాయన శుద్ధి చేయించాలి, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా టవర్‌ను కడిగించాలి. ఈ ఖర్చేదీ వారి అంచనా పత్రంలో లేదు. విద్యుత్తు ఆదా గురించి మాత్రం, సహజంగానే, పేజీలకు పేజీలు రాశారు. పనితనం కోసం ఈ సంస్థను సిఫారసు చేస్తాను గానీ, నీటి కొరత ఉన్న భవనాలకు అసలు ఈ పద్ధతినే సిఫారసు చేయను.