ఊహా ఫైరింజన్ల మోడల్స్ అమ్ముతున్న పేజీతో జాగ్రత్త: తిరుపతి, చిత్తూరు వాళ్లు తప్పకుండా చదవండి

మన తిరుపతి, చిత్తూరు వైపు స్కేల్ మోడల్స్ కొనేవాళ్లందరికీ ఒక మాట. ఇన్‌స్టాలో ఒక పేజీ తిరుగుతోంది. బయట ఎక్కడా దొరకని ఫైరింజన్లు, అంబులెన్సులు, రెస్క్యూ బండ్లు 1:43 స్కేల్‌లో, అంటే అసలు బండికి 43వ వంతు సైజులో, కస్టమ్‌గా చేసిస్తాం అంటారు, చిత్తూరు నుంచి నడుపుతున్నాం అంటారు. పేజీ పేరు రాసి లాభం లేదు, నాతో గొడవయ్యాక ఒకసారి మార్చేశారు, ఇది చూస్తే మళ్లీ మారుస్తారు. వాళ్ల పద్ధతి చెప్తా, అది తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టేయొచ్చు.

నేను రెండు బండ్లకు ఆర్డర్ ఇచ్చాను. మొత్తం 7,800 రూపాయలు. సగం అడ్వాన్స్, మిగతా సగం "పెయింట్ అయిపోయింది సార్, ప్యాకింగ్‌లో ఉంది" అని మెసేజ్ పెట్టాక. వచ్చింది చెత్త, డబ్బులు వెనక్కి రాలేదు.

మొదటిది బిగ్ విండ్. ఈ బండి సంగతి తెలియని వాళ్లుంటే కొంచెం చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కడ బయటపడిందో అప్పుడే అర్థమవుతుంది. హంగరీ వాళ్లు పాత టీ-34 ట్యాంకు తీసుకుని, పైన తుపాకీ టరెట్ పీకేసి, ఆ చోట రెండు మిగ్-21 జెట్ ఇంజన్లు బిగించారు. మన ఎయిర్‌ఫోర్స్ 2025 సెప్టెంబర్‌లో సాగనంపిన మిగ్-21 లేదూ, అదే జాతి. ఇంజన్ల పైన నీళ్ల నాజిల్స్ ఉంటాయి, ఆ నీళ్లు జెట్ గాలిలో కలిసి పెద్ద తుఫానులా వెళ్లి నూనె బావి మంటను ఊదేస్తాయి. 1991లో కువైట్‌లో 600కు పైగా బావులు తగలబడినప్పుడు వాడారు. ఇది ఎవరో కలగన్న బండి కాదు, నిజంగా పనిచేసింది, ఫొటోలు బోలెడున్నాయి.

నాకొచ్చిన దాంట్లో ట్యాంకుకు ఒక్కో వైపు ఆరు చక్రాలున్నాయి. టీ-34కి ఐదే, అదీ పెద్ద పెద్దవి, ట్యాంకుల మీద కాస్త ఆసక్తి ఉన్న పిల్లోడైనా చెప్తాడు. అంటే బజార్లో దొరికే ఏదో ట్యాంకు బొమ్మ కొని టరెట్ కోసేశారు. జెట్ ఇంజన్లు? కరెంటు వైరింగ్‌కు వాడే సన్న పైపు రెండు ముక్కలు, సిల్వర్ పెయింట్, ఒక ముక్క చివర పైపు కంపెనీ అచ్చు సగం ఇంకా కనబడుతోంది! స్కేల్ సంగతికొస్తే, టీ-34 బాడీ సుమారు 6 మీటర్లు, 1:43లో 14 సెంటీమీటర్లన్నా రావాలి. స్కేలు పెట్టి కొలిచా, 9 దాటలేదు.

రెండోది నా సొంత ఊహ, అసలు బాధ దీని గురించే. ఫ్రాన్స్, ఇటలీ మధ్య మాంట్ బ్లాంక్ టన్నెల్‌లో 1999 మార్చిలో ఒక లారీ అంటుకుని 39 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆ టన్నెల్ కోసం ముందొక క్యాబిన్, వెనకొక క్యాబిన్ ఉన్న ఫైరింజన్లు తెచ్చారు. ఇరుకులో బండి తిప్పే పని లేకుండా, డ్రైవర్ రెండో క్యాబిన్‌లో కూర్చుని వచ్చిన దారినే వెళ్లిపోవచ్చు. తిరుమల ఘాట్ రోడ్డులో పోతున్నప్పుడల్లా నాకు అదే ఆలోచన. 1944లో తెరిచిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. మలుపులో బస్సుకు మంటంటుకుని వెనక బండ్లు బారులు తీరితే ఫైరింజన్ ఎట్టా తిరుగుతుంది? రెండు తలల బండి ఉంటే బాగుంటుంది కదా అని. నిజంగా అవసరమా కాదా ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పాలి, మనకెందుకు, మనది షెల్ఫ్‌లో పెట్టుకునే సరదా. ఎరుపు రంగు, మధ్యలో నీళ్ల ట్యాంకు, డోర్ మీద తెలుగులో "అగ్నిమాపక శాఖ" అని చిన్న స్టిక్కర్, ఇంతే అడిగాను. కాగితం మీద కొలతలతో గీసి కూడా ఇచ్చా.

పార్సిల్‌లో ఏముందో చెప్తే నవ్వుతారు. వెనక్కి లాగి వదిలితే స్ప్రింగుతో పరుగెత్తే పిల్లల ప్లాస్టిక్ ఫైరింజన్లు రెండు, రెండు సైజులవి, వెనక భాగాలు కోసి, మధ్యలో రెజిన్‌తో, అంటే త్రీడీ ప్రింట్‌కు వాడే ప్లాస్టిక్ లాంటి దాంతో చేసిన డబ్బా పెట్టి అతికించారు. ఒక క్యాబిన్ డోరు ఎత్తు 4 సెంటీమీటర్లు, రెండో దానిది 2.7. అంటే ముందు డ్రైవర్ ఆరడుగుల మనిషైతే వెనక డ్రైవర్ నాలుగడుగులు! లోపల స్ప్రింగులు కూడా తీయలేదు. బండిని ఒకవైపు లాగితే ఒక స్ప్రింగు చుట్టుకుంటుంది, రెండోది గొరగొరమంటుంది, వదిలితే జానెడు దూరం పోయి అడ్డంగా తిరిగి ఆగిపోతుంది.

మధ్యలో ఉన్న ఆ రెజిన్ డబ్బా ముట్టుకుంటే వేలికి జిగురు అంటింది, ఘాటు వాసన. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెజిన్‌తో త్రీడీ ప్రింట్ చేశాక స్పిరిట్‌లో కడగాలి, తర్వాత యూవీ లైట్ కింద పెట్టి గట్టిపరచాలి. ఆ రెండు పనులు సరిగా చేయకుండా పెయింట్ కొట్టేస్తే లోపల పచ్చి రెజిన్ ఉండిపోతుంది, చర్మానికి మంచిది కాదు, దద్దుర్లు వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అలాంటి బొమ్మ వాళ్ల చేతికి ఇవ్వనే కూడదు. నేనైతే కవర్లో కట్టి పైన పెట్టేశా, కంప్లైంట్‌కు సాక్ష్యం కాబట్టి పారేయలేదు.

మెసేజ్ పెడితే మొదట "అన్‌బాక్సింగ్ వీడియో ఉందా సార్" అన్నారు. ఉంది, పంపా. "వీడియోలో మధ్యలో కట్ ఉంది సార్" అన్నారు. కట్ లేదు, నా చెయ్యి అడ్డం వచ్చింది అంతే. ఆఖర్న అసలు మాట బయటికొచ్చింది. "ఇది ఇమాజినేషన్ మోడల్ కదా సార్, ఒరిజినల్ బండే లేనప్పుడు తప్పు చేశాం అని మీరెట్టా అంటారు?"

ఇదే వాళ్ల వ్యాపారమంతా. ఒరిజినల్ లేని బండి అయితే కస్టమర్ దేనితో పోల్చి చూస్తాడు, ఏమని అడుగుతాడు అని ధీమా. కానీ ఊహ అంటే ఇష్టమొచ్చినట్టు అతికించడం కాదు సామీ. బండి మొత్తం ఊహే కావచ్చు, దాని క్యాబిన్, చక్రాలు, పంపు, నిచ్చెన మాత్రం నిజం బండ్లలో ఉన్నట్టే ఉండాలి, అన్నీ ఒకే స్కేల్‌లో ఉండాలి, అప్పుడే చూసేవాడు "అరె, ఇలాంటిది ఎక్కడన్నా ఉందా ఏంది" అని ఒక్క క్షణం ఆగుతాడు. జపాన్‌లో ఒకాజాకి ఊరి ఫైర్ వాళ్ల దగ్గర 2013 నుంచి రెడ్ సాలమండర్ అని ఒక బండి ఉంది, గొలుసు చక్రాల మీద నడిచే రెండు పెట్టెలు, మధ్యలో కీలు, బురదలో వరదలో కూడా పోతుంది. నాకు తెలిసిన ఒకాయన అలాంటిదే శేషాచలం అడవికి అని ఊహించి సొంతంగా చేసుకున్నాడు. 2014 మార్చిలో అక్కడ అడవి అంటుకున్నప్పుడు హెలికాప్టర్లతో నీళ్లు పోయించారు కదా, నేల మీద ఇలాంటిది ఒకటుంటే అని ఆయన ఆలోచన. నిజంగా లేని బండే, అయినా ఒక్క తప్పు పట్టలేం. గొలుసు లింకులు కూడా లెక్కగా ఉంటాయి.

ఇప్పుడు ఆ పేజీలో పెట్టే ఫొటోల సంగతి. అవి ఏఐ బొమ్మలు, నాకు సందేహం లేదు. నేను ఆర్డర్ పెట్టినప్పుడు పేజీలో ఉన్నవి మూడే, మామూలు బండ్లవి, బాగానే ఉన్నాయి. తర్వాత ఈ ఏఐ బొమ్మలు వరసగా పెట్టేశారు. అన్నీ ఒకే చెక్క టేబుల్ మీద, ఒకే వెలుగులో, ఒకే మూల నుంచి తీసినట్టు ఉంటాయి, వెనక వైపు ఫొటో ఒక్కటి ఉండదు. జూమ్ చేసి చూడండి. నిచ్చెన పైకి పోయి క్యాబిన్‌లో కలిసిపోతుంది. నీళ్ల పైపు ఎక్కడ మొదలైందో ఉండదు. డోర్ మీద తెలుగు అక్షరాలైతే చెప్పక్కర్లేదు, దూరం నుంచి తెలుగులా ఉంటుంది, దగ్గరికెళ్తే ఏ అక్షరమూ కాదు, గుండ్రాలు, తోకలు.

కాబట్టి ఎవరి దగ్గర కస్టమ్ మోడల్ చేయించుకున్నా అడుగు భాగం ఫొటో అడగండి. ఏఐ బొమ్మ పెట్టినోడు అడుగు ఫొటో ఇవ్వలేడు, ఇచ్చినా పై ఫొటోతో కలవదు. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి. ముఖ్యంగా పెయింట్ కొట్టకముందు, అడుగు పూతగా కొట్టే బూడిద రంగు ప్రైమర్ దశలో ఫొటో కావాలని ముందే మాట తీసుకోండి, ఆ దశలో పుట్టీ, ప్రింట్ గీతలు, అతుకులు అన్నీ బయటపడతాయి, ఎర్ర పెయింట్ పడ్డాక సగం లోపాలు దాగిపోతాయి. నిజాయితీగా పనిచేసేవాళ్లు ఇది అడిగితే సంతోషంగా పంపుతారు. తిరుపతిలో కొర్లగుంట వైపు ఒక తమ్ముడు ప్రింట్లు వేస్తాడు, అడగకుండానే పంపుతాడు, ఆలస్యం చేస్తాడు అది వేరే విషయం.

మిగతా డబ్బు ఆ ప్రైమర్ ఫొటో చూశాకే కట్టండి. వ్యక్తి పేరు మీద ఉన్న యూపీఐ నంబర్‌కు మొత్తం ముందే పంపితే తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు, క్రెడిట్ కార్డు అయితే కనీసం బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టొచ్చు. ఈ పేజీలో కార్డు తీసుకోరు, బిల్లు ఇవ్వరు, జీఎస్‌టీ నంబర్ అడిగితే "మాది హాబీ సార్" అంటారు.

ఇప్పటికే డబ్బు కట్టి ఇరుక్కున్న వాళ్లు 1915కి ఫోన్ చేయండి, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. నేను అక్కడ నమోదు చేశా. డబ్బు తీసుకుని అసలు ఏమీ పంపకుండా బ్లాక్ చేసి ఉంటే అది సైబర్ మోసం, వెంటనే 1930కి చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. దేనికీ లొంగకపోతే ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో వినియోగదారుల కమిషన్‌కు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన రూల్స్ ప్రకారం అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఈ మాట ఆ పేజీ వాళ్లకు రాశాకే మొదటిసారి "సార్" పక్కన "గారు" కూడా వచ్చింది.

1915 నుంచి వాళ్లకు నోటీసు పోయినట్టుంది, సగం డబ్బు ఇస్తాం, ఎక్కడా రాయొద్దు అని నిన్న మెసేజ్ పెట్టారు. ఒప్పుకోలేదు. చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదులు ఎవరి దగ్గరన్నా ఉంటే దాచి పెట్టండి, ముగ్గురు నలుగురం కలిసి వేస్తే కేసుకు బలం. ఈలోపు వాళ్లు కొత్త బొమ్మ పెట్టారు, పులికాట్ సరస్సు కోసం నీళ్లలో తేలే 108 అంట, ప్రీ-బుకింగ్ 2,500. కట్టాలనిపిస్తే ముందు దాని డోర్ మీద జూమ్ చేయండి, అక్కడ 801 అని ఉంది.