నలుగురు విలియములు, ఒక డీటీపీ దుకాణం

విజయనగరం మూడు లాంతర్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక డీటీపీ దుకాణంలో మా డిగ్రీ విద్యార్థుల కోసం 24 పేజీల చిన్న పుస్తకమూ, ఒక వంశవృక్షం చార్టూ చేయించాను. 910లో ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో, క్లూనీలో క్రైస్తవ మఠాన్ని నెలకొల్పిన అక్విటేన్ డ్యూకు విలియం, ఆయన కుటుంబం, దానధర్మాలు అందులోని విషయం. అక్షరకూర్పు శుభ్రంగా ఉంది. వత్తులు ఎక్కడా చెదరలేదు.

పొరపాటంతా చార్టులోనే జరిగింది. 804లో జెలోన్ మఠాన్ని కట్టించి, తరువాత తానే అందులో సన్యాసిగా చేరినవాడు క్లూనీ దాతకు ముత్తాత అయిన విలియం. నాయనమ్మ దువోదా ఎవరి కోసం హితబోధ గ్రంథం రాసిందో ఆ పెదనాన్న విలియం. క్లూనీ దాత విలియం. 918లో ఆయన మరణించాక వారసుడైన మేనల్లుడు విలియం. ఒకే పేరు పొరపాటున మళ్లీ మళ్లీ పడిందనుకొని ఆపరేటరు ఇద్దరిని తీసేశారు. తాత పేరు మనవడికి పెట్టుకొనే మన ఇళ్లలో పుట్టినవారికి ఆ అనుమానం ఎలా వచ్చిందో! అదనపు రుసుము లేకుండానే మళ్లీ ముద్రించి ఇచ్చారు గాని, రెండు రోజులు పట్టింది.

దానపత్రం అనువాదానికి కేటాయించిన పుటలు మాత్రం ఎంతో ఓపికగా చేశారు. చెల్లెలో అక్కో తెలియని తోబుట్టువు ఆవా ద్వారా తనకు దక్కిన క్లూనీ భూమిని విలియం దేవునికి అర్పిస్తూ, ఆ పుణ్యంలో రాజు ఓడోకు, తల్లిదండ్రులకు, భార్య ఇంగెల్బెర్గాకు, ఆవాకు కూడా భాగం పంచాడు. అయితే మఠంపై తనకు గాని, తన బంధువులకు గాని, రాజుకు గాని ఏ అధికారమూ ఉండదని కచ్చితంగా రాయించాడు. రోములోని క్రీస్తు శిష్యులైన అపొస్తలుల సన్నిధిలో దీపాల కోసం అయిదేళ్లకొకసారి పది సాలిడసులు (అప్పటి ద్రవ్యపు లెక్క) చెల్లించాలన్నాడు. ఈ దానాన్ని భంగపరచినవాడికి క్రీస్తును పట్టించిన యూదా సహవాసమే గతి అని శపించాడు.

ప్రూఫు చూస్తున్న పెద్దాయన ఆ వాక్యం దగ్గర ఆగి, "ఇది మన ముఖలింగం గుడి గోడల మీద రాతల్లాగే ఉంది, మాస్టారూ" అన్నారు. అఖండదీపాలకు చేసిన దానాల శాసనాలు అక్కడ ఎన్నో ఉన్నాయి; దానభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడనే శ్లోకం మన దానశాసనాల్లో పరిపాటి. ఆయన మాటతో ఆ పోలికను ముందుమాటలో చేర్చాను. దానికి వేరే డబ్బులు అడగలేదు.

చార్టు లామినేషను ఒక మూల లేస్తోంది. పేర్లు తిరిగి వచ్చే వంశాల పనైతే ప్రూఫు దగ్గర మీరే కూర్చోండి.