కార్క్ బెరడు గోడ: ఏడేళ్లు వాడాక చెబుతున్నాను

పర్లాకిమిడిలో మా ముందుగదిలో మూడడుగుల గాజు తొట్టి ఉంది. కింద తొమ్మిది అంగుళాల లోతు నీళ్లు, చేపలు. పైన నాచు, ఫెర్నులు. వెనక గోడంతా కార్క్ బెరడు. గండాహతి జలపాతం దగ్గర తడి బండను నాచు పట్టుకున్న తీరు చూసినప్పటి నుంచి ఇలాంటి పాలుడేరియం ఒకటి ఇంట్లో ఉండాలని కోరిక. 2018 జనవరిలో కట్టాను, ఒకసారి మొత్తం విప్పి మళ్లీ కట్టాను. ఏడేళ్లు దాటింది కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను, కార్క్ కొనండి. అయితే కొనేముందు ఆ గోడ వెనక నీళ్లు ఎలా తిరుగుతాయో ఆలోచించుకోండి.

ఇది సీసా బిరడాలు చేసే ఓక్ చెట్టు బెరడే. ఎక్కువగా పోర్చుగల్, స్పెయిన్ నుంచి వస్తుంది. చెట్టును నరకరు. సుమారు 25 ఏళ్లు వచ్చాక మొదటిసారి ఒలుస్తారు, తర్వాత తొమ్మిదేళ్లకు ఒకసారి. మొదటి ఒలుపు బెరడు మరీ గరుకుగా, పగుళ్లతో ఉంటుంది, బిరడాలకు పనికిరాదు. మన తొట్టికి కావలసింది ఆ గరుకే. బరంపురంలో నేను తిరిగిన షాపుల్లో ప్లాస్టిక్ పోస్టర్లు తప్ప ఏమీ దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. తొట్టికన్నా బెరడుకే ఎక్కువ ఖర్చయింది. నోటీసు బోర్డులకు వాడే, కార్క్ పొడిని నొక్కి చేసిన షీటు చవక కదా అని ఒక ముక్క నీళ్లలో వేసి చూశాను. ఉబ్బి, రాలిపోయింది. దాని జోలికి వెళ్లకండి.

కార్క్‌తో అసలు కష్టం తేలడం. లీటరు పరిమాణం ఉన్న బెరడు సుమారు 200 గ్రాములే తూగుతుంది. నీళ్లలో ముంచితే దాదాపు 800 గ్రాముల బలంతో పైకి తంతుంది. నా గోడలో నీటి కింద ఉన్నది నాలుగు లీటర్ల పైమాటే, అంటే మూడు కిలోలకు మించిన లాగుడు పగలూ రాత్రీ బెరడును అతికించిన సిలికోన్ జిగురు మీదే ఉంటుంది. నేను రంగు దిగాలని బెరడును డ్రమ్ములో సన్నికల్లు బరువు పెట్టి రెండు వారాలు నానబెట్టాను, అది మంచిదే. కానీ రెండు రోజులే ఆరబెట్టి నేరుగా గాజుకు అతికించేశాను. పైకి పొడిగా ఉన్నా లోపల తడి ఉంది. మే నెలలో ఒక అర్ధరాత్రి పెద్ద ముక్క ఊడి తేలింది. అమ్మ లేపి, "ఒరేయ్, నీ గోడ కూలిపోయిందిరా" అంది.

సిలికోన్ విషయంలో ఒక జాగ్రత్త. నేను అక్వేరియంకని చెప్పి అడిగినా ఒక షాపులో బాత్రూంలకు వాడే, బూజు పట్టని రకం ఇచ్చారు. అందులో బూజును చంపే మందు ఉంటుంది, అది చేపలకు ప్రమాదం. ట్యూబు మీద చదివి వెనక్కి ఇచ్చేశాను.

అదే ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అల్లాడిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగిపోయింది. బెరడు గాజుకు అతకని చోట్ల ఉన్న రెండు సెంటీమీటర్ల సందులో నీళ్లు కదలక, అక్కడ పేరుకున్న మడ్డి కుళ్లింది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చేసరికే ఆలస్యమైంది. నా రాస్బోరా చేపలు ఒక్కటీ మిగల్లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పుడే మొత్తం విప్పేశాను. ఈసారి బెరడును డాబా మీద రెండు వారాలు ఎండబెట్టాను. గాజుకు కాకుండా గట్టి ప్లాస్టిక్ జాలీకి అతికించి, సిలికోన్‌కు వారం టైమిచ్చాను. ఆ జాలీని తొట్టి పై అంచున ఉన్న గాజు పట్టీ కిందికి ఇరికించాను. ఇప్పుడు తేలే బలాన్ని ఆ పట్టీ ఆపుతుంది, సిలికోన్ మీద భారం తగ్గింది. పంపును గోడ వెనకే పెట్టాను. అడుగున మెష్ వేసిన రంధ్రాల గుండా నీళ్లు వెనక్కి వెళ్లి, పైనుంచి బెరడు మీదుగా జారి కిందికొస్తాయి. వెనక చెయ్యి దూరేంత సందు వదిలాను, మడ్డి ట్యూబుతో లాగేస్తాను. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు వేసి, బుడగలు వదిలే దాని రాయిని కూడా వెనకే వదులుతాను. ఆ తర్వాత ఒక్క ముక్క ఊడలేదు, వాసన రాలేదు.

మొదటి మూడు నెలలు నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. చేపలకు ఏమీ కాలేదు, రంగు మెల్లగా పోయింది. పైభాగంలో తెల్ల బూజు వచ్చినప్పుడు స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగుల్ని వదిలాను, అవి తినేశాయి. మొక్కల్లో జావా ఫెర్న్, అనూబియస్ ఈ బెరడుకు బాగా నప్పుతాయి. పగుళ్లలో దూర్చి దారంతో కడితే చాలు, వేళ్లు వాటంతట అవే పట్టుకుంటాయి. పాకే ఫైకస్ మాత్రం వేయకండి, రెండేళ్లలో నాచు మొత్తాన్ని కప్పేసింది, పీకలేక అలసిపోయాను.

ఇన్నేళ్లలో నీళ్ల అడుగున ఉన్న బెరడు ఇంకా గట్టిగానే ఉంది, పైన ఉన్నదీ అంతే. నీటిగీత దగ్గర రెండంగుళాల మేర మాత్రం తడుస్తూ ఆరుతూ మెత్తబడింది, గోరు దిగుతుంది. 2023లో అక్కడ రెండు ముక్కలు మార్చాను. ఎడమ మూలలో ఇంకో రెండు మార్చాలి. కొత్త ముక్కలు ఇప్పటికే నానబెట్టి తీశాను, డాబా మీద ఎండుతున్నాయి.