డిపాజిట్ పోయింది, బండి దొరికింది

అద్దె బైకుకి కట్టిన మూడు వేల డిపాజిట్‌లో నా చేతికి తిరిగి వచ్చింది ఆరు వందలు. మిగతా 2,400 సైలెన్సర్ మీద గీతకని పట్టుకున్నారు. ఆ గీత నేను బండి తీసుకునేటప్పటికే ఉంది. కౌంటర్లో ఉన్న కుర్రాడికి వేలు పెట్టి చూపించాను కూడా. "పర్లేదు సార్, పాతదే" అన్నాడు. బండి అప్పగించిన రోజు ఆ కుర్రాడు లేడు, ఓనర్ ఉన్నాడు. అరగంట వాదించాను. "ఫొటో ఉందా?" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. నేను ఫొటో తీసుకోలేదు. విశాఖలో బండి అద్దెకు తీసుకునేవాళ్లు ముందు చుట్టూ తిరిగి వీడియో తీసి, అక్కడే నిలబడి వాళ్ల వాట్సాప్‌కి పంపండి. ఆ తర్వాతే తాళం తీసుకోండి.

ఇంతకీ సొంత కారు ఉండగా అద్దె బండి ఎందుకంటే, క్రూజర్ కొందామని, అంటే సీటు కిందికి ఉండి, కాళ్లు ముందుకు చాపి కూర్చునే బైకు. నాకు 49 ఏళ్లు. యూనివర్సిటీలో చదివే రోజుల్లో యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు నడిపాను. గేరు బండి ముట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. ఈ మధ్య అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాక ఆదివారాలు ఖాళీగా మిగిలాయి, పాత కోరిక మళ్లీ లేచింది. షోరూముల్లో టెస్ట్ రైడ్ అంటే సర్వీస్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు వెళ్లి రావడమే. ఈ వయసులో నడుం ఏమంటుందో రెండు కిలోమీటర్లలో తెలియదు. అందుకే రెండు బండ్లు అద్దెకు తీసుకున్నాను.

మొదటిది బజాజ్ అవెంజర్ 220, రోజుకు 1,000. సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు. నేను అయిదడుగుల అయిదంగుళాలు, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాయి. చాలా ఏళ్ల తర్వాత బండెక్కేవాడికి ఆ ధైర్యం చాలా పెద్దది. మా ఆవిడ మాత్రం "మీకు చెయ్యి తిరిగేదాకా నేను వెనక కూర్చోనండీ" అని కచ్చితంగా చెప్పేసింది. ఒక్కణ్ణే పొద్దున్న ఆరింటికి ఆర్కే బీచ్ నుంచి బయల్దేరి రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరాను. గోస్తనీ సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడి, ఇడ్లీ తిని వెనక్కి తిరిగాను.

తిరుగు ప్రయాణంలో ఒక సంగతి అర్థమైంది. కాళ్లు ముందుకు చాపి కూర్చునే ఏ బండి మీదైనా స్పీడ్ బ్రేకర్ దెబ్బ నేరుగా నడుముకే వస్తుంది. మామూలు బండి మీద ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి నిలబడితే ఆ దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. కాళ్లు ముందుకు ఉంటే ఒంటి బరువంతా సీటు మీదే, లేవడానికి పట్టు దొరకదు. కాబట్టి క్రూజర్ అంటే హాయి అన్న మాట సగమే నిజం. నున్నటి రోడ్డు మీద హాయి, కాలనీ రోడ్ల మీద పరీక్ష. ఫుట్‌రెస్టులు మరీ ముందుకు లేని బండి నాకు కావాలని ఆ రోజే అనిపించింది.

రెండోది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, రోజుకు 1,400 చొప్పున రెండు రోజులు, అరకుకి. ఈసారి మా ఆవిడ వచ్చింది, కానీ పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నా భుజం మీద వేసిన చెయ్యి మాత్రం వదల్లేదు. అనంతగిరి ఘాట్ మొదలయ్యాక ఆ పట్టు సడలింది. ఆ బండి టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 27 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడే వస్తుంది. ఇద్దరం కూర్చున్నా మలుపు మలుపుకీ గేరు దించక్కర్లేదు, మూడో గేరులో నిదానంగా ఎక్కేస్తుంది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర కాఫీ తాగుతూ "వెనక సీటుకి ఆనుకునేది ఉంటే బాగుండు" అంది. ఆ మాటతో నాకు బండి సగం ఖాయమైపోయింది.

అరకులో గది 1,800, శుభ్రంగానే ఉంది. బొంగు చికెన్ 450 పెట్టి కొన్నాం, లోపల ముక్క ఉడకలేదు. వెదురు బొంగు పైన నల్లబడగానే తీసేస్తున్నారు, నిలబడి చూసుకోవాలి. వలిసె పూలు మాత్రం దారి పొడవునా పసుపుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. మా ఆవిడ ఫోన్ నిండిపోయింది.

లాడ్జి ముందు పల్లంలో బండి ముందు చక్రం కిందికి పెట్టి ఆపాను. పొద్దున్న వెనక్కి లాగడం ఇద్దరి వల్లా కాలేదు. 191 కిలోలు మరి! వాచ్‌మన్ వచ్చి సాయం పట్టాడు. క్రూజర్ కొనేవాళ్లు బరువును కాగితం మీద చూసి వదిలేయకుండా ఒకసారి పార్కింగ్‌లో తోసి చూడండి. నాకు ఎంతో నచ్చిన సూపర్ మీటియర్ 650ని వదులుకున్నది అందుకే. సీటు 740 మిల్లీమీటర్లే కానీ బరువు 241 కిలోలు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటితే 40 శాతం.

ఘాట్ దిగేటప్పుడు క్లచ్ బిగుసుకుపోయి ఎడమ మణికట్టు లాగేసింది. శృంగవరపుకోటలో రోడ్డు పక్క మెకానిక్‌ని పిలిస్తే చూసి, "ఇది బండి తప్పు కాదు బాబూ, కేబుల్ ఎండిపోయింది. ఎన్నాళ్లయిందో నూని చుక్క ఏసి" అన్నాడు. పావుగంటలో నూనె పోసి, సర్ది ఇచ్చి అరవై రూపాయలు తీసుకున్నాడు. వంద ఇస్తే నలభై వెనక్కి ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే విశాఖలో గీత పేరు చెప్పి 2,400 పట్టుకున్న మనిషికి ఈ కేబుల్ సంగతి చెప్తే వినిపించుకోలేదు. ఎండిన కేబుల్‌తో ఘాట్ రోడ్డుకి బండి ఇవ్వడం తప్పు. నా డబ్బు కన్నా ఆ నిర్లక్ష్యమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

రెండు బండ్ల అద్దె 3,800, పెట్రోలు దాదాపు 1,100, పోయిన డిపాజిట్ 2,400. మొత్తం 7,300. లక్షలు పెట్టి కొన్నాక నడుం ఒప్పుకోకపోతే అయ్యే నష్టంతో పోలిస్తే ఇది నాకు ఖర్చుగా అనిపించలేదు.

శనివారం మీటియర్ బుక్ చేశాం. వెనక సీటుకి బ్యాక్‌రెస్ట్ ఉన్న రకమే. రంగు మా ఆవిడ ఎంచింది, నీలం.