కోర్సుకు ముందు నుంచీ వదలని జెశ్చర్ డ్రాయింగ్: నా అనుభవంలో మంచీ చెడూ

యానిమేషన్ కోర్సులో చేరబోయేవాళ్లు ఎక్కువగా అడిగేది ముందు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. సాఫ్ట్‌వేర్ ఎలాగూ అక్కడ నేర్పుతారు. ముందుగా చేతికి రావలసింది జెశ్చర్ డ్రాయింగ్, అంటే మనిషి భంగిమను, కదలికను కొద్ది గీతల్లో చకచకా పట్టుకోవడం అని నేను గట్టిగా నమ్ముతాను. ఒక భంగిమకు 30 సెకన్లు, నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. గడువు తీరగానే బొమ్మ ఎక్కడిదాకా వస్తే అక్కడ ఆపి తర్వాతి భంగిమకు వెళ్లిపోవాలి. కోర్సులో చేరడానికి చాలా ముందే మొదలుపెట్టి, చదువు పూర్తయ్యాక కూడా దీన్ని కొనసాగిస్తున్నాను.

మొదట మారేది చూపు. కొత్తగా గీసేవారి చెయ్యి నేరుగా ముఖం మీదికి పోతుంది. 30 సెకన్లు పెట్టుకుంటే కళ్లు, ముక్కు గీసేలోపే సమయం అయిపోతుంది. దాంతో తల నుంచి పాదం దాకా శరీరం ఎటు వంగింది, బరువు ఎక్కడుంది అన్నవే ముందు చూడక తప్పదు. నిండు బకెట్ మోస్తున్న మనిషిని గమనించండి. మొండెం బకెట్‌కు అవతలి వైపు ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి పక్కకు చాచుకుంటుంది, అడుగులు చిన్నవవుతాయి. ఈ మూడు మార్పులూ నాలుగు గీతల్లో పడితే బకెట్ గీయకపోయినా బరువు తెలుస్తుంది. అలాగే ఒంటికాలిపై బరువు వేసి నిలబడితే, మెడ కింద ఎముకల మధ్య ఉండే గుంట దాదాపు ఆ పాదానికి సూటిగా పైన ఉంటుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, భుజం కిందికి వాలుతుంది. ఇది గీతలోకి వచ్చాక నా బొమ్మలు పడిపోతున్నట్టు కనిపించడం మానేశాయి.

యానిమేషన్‌కు ఇది ఎందుకు అంత ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి, పది సెకన్లకు 120. ఒక్క బొమ్మకు గంటలు పోసి నునుపు చేసే అలవాటు అక్కడ కాళ్లకు అడ్డం పడుతుంది. 1932లో డిస్నీ స్టూడియో డాన్ గ్రాహమ్ అనే చిత్రకళా ఉపాధ్యాయుడి చేత తన ఉద్యోగులకే సాయంత్రాలు డ్రాయింగ్ తరగతులు పెట్టించింది. అప్పటికే బొమ్మలు గీసి జీతం తీసుకుంటున్నవాళ్లకే ఆ అవసరం కలిగిందంటే, చేరబోయేవారి సంగతి వేరే చెప్పాలా?

ఇక లోపాలు. ఈ సాధన ఒక్కటే చేస్తే ఘనరూపం అబ్బదు. పాత్ర తల తిప్పే దృశ్యంలో తల, మెడ, భుజాలు ప్రతి బొమ్మలోనూ ఒకే పరిమాణంలో ఉండాలి. దానికి పెట్టెలు, గోళాలు, స్తూపాలను అన్ని కోణాల్లో తిప్పి గీసే ఓపిక కావాలి. జెశ్చర్ డ్రాయింగ్‌లోని ఊపుగీతలు ఆ పని చేయవు. రెండోది ఇంకా ప్రమాదం: వంపు తిరిగిన గీత చేతికి అలవాటైపోతే, నడుము పట్టేసిన వృద్ధుడు కూడా కాగితం మీద నర్తకుడిలా తేలిపోతాడు. బిగుసుకున్న ఒళ్లు బిగుసుకున్నట్టే కనబడాలి.

సమయం ప్రకారం ఫొటోలు మార్చే సైట్లు సౌకర్యమే, కానీ ఫొటోలో లోతు అణిగిపోతుంది. ఎదుట కదిలే మనుషులనే గీయమంటాను. వాళ్లు మనకోసం ఆగరు కాబట్టి జ్ఞాపకశక్తి కూడా పదునెక్కుతుంది. కదలికను వరుసగా చూడాలంటే కదలికను దశలు దశలుగా ఫొటోలు తీసిన మైబ్రిడ్జ్ ఫొటోలను మించినవి నాకు దొరకలేదు. 1887లో వచ్చిన ఆయన సంకలనంలో 781 ప్లేట్లు (ఫొటోల వరుసలు అచ్చువేసిన పుటలు) ఉన్నాయి, మనుషులవీ జంతువులవీ. ఒక వరుసలో మొదటిదీ చివరిదీ మాత్రం చూసి, మధ్య భంగిమలు ఊహించి గీసి, ఆ తర్వాత అసలు వాటితో పోల్చుకోండి. కోర్సులో కీ డ్రాయింగ్‌ల (కదలికలోని ముఖ్య భంగిమల బొమ్మల) మధ్య వచ్చే బొమ్మలు వేయమన్నప్పుడు నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది ఇదే.

సామగ్రికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. బాల్‌పెన్ను, మామూలు కాగితం చాలు, రబ్బరు వద్దు.

కోర్సు ప్రవేశానికి చూపే బొమ్మల సంకలనం, అంటే పోర్ట్‌ఫోలియోకి మాత్రం జెశ్చర్ బొమ్మలొక్కటే సరిపోవు. చేతులు, జంతువులు, పర్‌స్పెక్టివ్‌లో (దగ్గర, దూరం తెలిసేలా) గీసిన గదులు, తీరిగ్గా వేసిన ఒకటి రెండు నిండు బొమ్మలు కూడా ఉండాలి. ఇష్టమైన కార్టూన్ పాత్రల నకళ్లు పెట్టకండి, వాటిలో మీ చూపు కనబడదు. రోజుకు గంట దొరికితే 20 నిమిషాలు చిన్న భంగిమలకు, అరగంట ఒకే నిండు బొమ్మకు ఇవ్వండి. మిగిలిన పది నిమిషాలు, అంతకుముందు ఎదురుగా చూసి గీసిన భంగిమనే వెనుక నుంచి ఎలా ఉంటుందో ఊహించి గీయండి. అన్నిటిలోకీ కష్టమైనది ఈ పది నిమిషాలే. అలసిపోయిన రోజున మిగతావి తగ్గించుకున్నా వీటిని తగ్గించకండి.