పదేళ్ల ఎండకు, వానకు నిలిచిన చెక్క: మా వాకిట్లోని బెంచీల కథ

మాది సిరొంచ. ప్రాణహిత ఒడ్డున మేము, గోదావరి దాటితే కాళేశ్వరం. జిల్లా మహారాష్ట్రలోని గడ్చిరోలి, ఆఫీసు కాగితాలు మరాఠీలో వస్తాయి, ఇంట్లో మాట మాత్రం తెలుగే. 2015 ఎండాకాలంలో మా బాపు పొద్దుమాపు వాకిట్లో కూర్చోవడానికని ఒక టేకు బెంచీ, ఒక మామిడి బెంచీ, మధ్యలో నల్లమద్ది బల్ల, రెండు తుమ్మ పీటలు చేయించాను. పైన రేకు లేదు, పందిరి లేదు. మే నెల ఎండ, నాలుగు నెలల వాన, చలికాలపు మంచు, అన్నీ వాటి మీదే పడ్డాయి. ఆరుబయట వేసుకునే సామానుకు ఏ చెక్క కొనాలని చాలామంది నన్ను అడుగుతుంటారు. పదేళ్లలో నేను చూసింది ఇది.

మామిడి సంగతి ముందే చెప్పేస్తాను. చేనులో గాలికి పడిన చెట్టు, తాత పెట్టింది, పారేయడానికి మనసొప్పలేదు. రెండో వానాకాలానికి అడుగున బూజు పట్టింది. మూడో ఏడు కాళ్లు లోపల గుల్లయ్యాయి, బెంచీని నీళ్ల కాగు కింద పొయ్యిలో పెట్టాం. మామిడి చెక్క ఇంట్లో అల్మారాకు, పెట్టెకు పనికొస్తుంది. వానలో ఉంచితే నిలవదు.

టేకు గురించి ఎక్కువ చెప్పాలి. మా ప్రాంతం పేరే టేకు. మా జిల్లాలోని ఆలాపల్లిలో పాత టేకు చెట్లున్న అడవి ముక్కను 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అయోధ్య గుడి తలుపులకు 2023లో పక్క జిల్లాలోని బల్లార్షా కలప డిపో నుంచే కలప వెళ్లింది. ఆ రోజు మా దగ్గర అందరి మొహాల్లో వెలుగు చూశాను. కానీ ఆ పేరుతోనే మోసపోయేదీ మనమే. పదిహేనేళ్లకే నరికిన తోట టేకును కూడా 'ఆలాపల్లి సరుకు' అని అమ్ముతారు. చిన్న చెట్టులో చేవ, అంటే నడిమధ్య ముదురు చెక్క తక్కువ, దాని చుట్టూ ఉండే లేత చెక్క, అంటే తెల్ల ఎక్కువ. టేకుకు ఉన్న మన్నికంతా, చెదను దూరం పెట్టే గుణమంతా చేవలోనే ఉంటుంది. తెల్లకు ఆ గుణం లేదు, అది మామూలు చెక్కే.

నా బెంచీకి ఐదు పలకలు. వాటిలో ఒకదాని అంచున రెండు వేళ్ల మందం తెల్ల ఉంది. మా వడ్లాయన (వడ్రంగి) చూడగానే పక్కన పెట్టాడు.

"సారూ, టేకని పేరు సూసి కొనద్దు, సేవ సూసి కొనాలె. ఈ పలక మార్పించుకొని రాండ్రి."

"మిల్లు దాకా మళ్లీ ఎవరు పోతారు తాతా, వార్నిష్ వేస్తే కనపడదు కదా" అన్నాను. నాలుగో ఏడు చెద కాలు మీదుగా మట్టి గొట్టం కట్టుకుంటూ పైకెక్కింది. ఆ రెండు వేళ్ల తెల్లను పూర్తిగా తినేసి, చేవ మొదలైన గీత దగ్గర ఆగిపోయింది. దారం పట్టి కోసినట్టు ఉంది. మిగతా నాలుగు పలకల మీద పంటి గాటు కూడా లేదు. ఆ పలకను నాకు నేర్పిన పాఠం అనుకుని షెడ్డులో దాచిపెట్టాను, కొనబోయేవాళ్లు వస్తే తీసి చూపిస్తాను.

వార్నిష్ కూడా నేను చేసిన తప్పే. మరుసటి ఎండాకాలానికే పొరలు లేచింది. పగుళ్లలోంచి వాన నీరు కిందికి దిగి, బయటికి వచ్చే దారి లేక చెక్క నల్లబడింది. రెండు రోజులు కూర్చుని గీకించాను. ఆ తర్వాత ఏమీ పూయకుండా వదిలేస్తే ఏడాదిన్నరలో బూడిద రంగుకు తిరిగింది. చెడిపోయిందేమోనని భయపడి ఒక మూల చిత్రిక పట్టించి చూశాను. కాగితం మందం పోగానే కింద తేనె రంగు అలాగే ఉంది. ఎండ పైపొర రంగును మాత్రమే తీసుకుంటుంది, లోపలి బలం ఎక్కడికీ పోదు. బాపుకు ఆ బూడిద రంగే నచ్చింది, అలాగే ఉంచాం. రంగు కావాలనుకునేవాళ్లు ఏటా వానలకు ముందు అవిసె నూనె పట్టించుకోవచ్చు. పూసిన గుడ్డను మాత్రం ముద్ద చేసి మూలకు విసరొద్దు, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరేయండి.

డబ్బు చూసుకునేవాళ్లకు నేను చెప్పేది నల్లమద్ది. మొసలి చర్మంలాంటి బెరడున్న చెట్టు, మా అడవుల్లో టేకు పక్కనే పెరుగుతుంది. నాకు టేకు ధరలో సగానికి దొరికింది. బరువు ఎక్కువ, బల్లను జరపాలంటే ఇద్దరు కావాలి. ఉలి త్వరగా మొద్దుబారుతుందని వడ్లాయన రోజూ గొణిగేవాడు. అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. అంగుళం మందానికి ఏడాది నీడన ఆరాలని పెద్దల లెక్క. అంగుళంన్నర పలకను నేను ఆరు నెలలకే పనిలో పెట్టించాను. మొదటి ఎండాకాలంలోనే ఒక పలక చివర జానెడు చీలింది. ఆ చీలిక అక్కడితో ఆగింది, బల్ల మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉంది. తెల్ల కలిసిన టేకు, బాగా ఆరిన చేవగల నల్లమద్ది ఎదురుగా పెడితే నేను నల్లమద్దే తీసుకుంటాను.

తుమ్మ పీటలకు మొదటి ఏడే పుప్పి, అంటే చెక్కను తొలిచే పురుగు పట్టింది, కింద సన్నటి పిండి రాలేది. మా తాతలు బండి చక్రాలకు తుమ్మనే వాడేవాళ్లు. కానీ దుంగను ముందు చెరువులో నెలల తరబడి నానేసేవాళ్లు. అలా నానితే చెక్కలోని పిండిపదార్థం పోయి పురుగుకు తిండి ఉండదు. నేను ఆ ఓపిక పట్టలేదు.

చెక్క ఎంత మంచిదైనా కాళ్ల కిందే ముప్పు. కోసిన అడ్డకోత ముఖం నీటిని గొట్టంలా పీలుస్తుంది. నేల మీద పెట్టిన కాళ్లు రెండేళ్లలో కిందనుంచి జానెడు నల్లబడ్డాయి. అప్పటి నుంచి ఒక్కో కాలి కింద షాబాదు బండ ముక్క పెట్టాను, నలుపు ఆగింది. పలకల మధ్య చిటికెన వేలు దూరేంత సందు వదలడం కూడా అందుకే, నీరు నిలవకూడదు.

2022 జులై వరదలో వాకిట్లో మోకాలి లోతు నీరు రెండు రోజులు నిలిచింది. మేము మేడ మీద నుంచి చూస్తూ ఉండిపోయాం. నీళ్లు తీశాక ఒండ్రు కడిగి, ఎండలో కాకుండా నీడన ఆరబెట్టాం. కీళ్లు ఉబ్బి నెలలో మళ్లీ కుదురుకున్నాయి. దెబ్బ తిన్నవి ఇనుప స్క్రూలే. తుప్పు పట్టాయి, వాటి చుట్టూ చెక్కలోని వగరుకు ఇనుము తగిలి సిరా ఒలికినట్టు నల్ల మచ్చలు పడ్డాయి. అన్నీ తీసేసి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించాను. మొదట్లోనే వేయించి ఉండాల్సింది.

కొనేటప్పుడు పలక రంగు చూసి తృప్తి పడకండి. అడ్డకోత ముఖం మీద తడిగుడ్డతో తుడవండి, చేవ ముదురుగా, తెల్ల లేతగా విడివిడిగా కనపడతాయి. బిల్లు అడగండి, దుంగకు అటవీశాఖ సుత్తి ముద్ర ఉందో లేదో చూడండి. అది లేని సరుకు ఎంత చవకైనా అడవిలోంచి దొంగతనంగా వచ్చిందే కావచ్చు, మన చేత్తో మన అడవిని కొట్టినట్టవుతుంది.

ఈ ఏడు బాపుకు మోకాళ్లు పట్టేసి, బెంచీ ఎత్తు చాలడం లేదు. అదే బెంచీ కాళ్లకు నాలుగంగుళాల టేకు ముక్కలు అతికించమని వడ్లాయనకు చెప్పాను. ముక్కలు తెచ్చాడు, నాలుగింటినీ తడిగుడ్డతో తుడిచి చూసి తీసుకున్నాను.